ఆమె వారంలో ఒక రోజు

తాండూరు బండకు నునుపు తెచ్చింది నేనేనని చాలామందికి చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను. ఒకసారి పన్ను పీకించుకోవడానికి పోయి, నోట్లో దూది పెట్టుకుని ఆ డాక్టరుకు కూడా చెప్పాను. బండలు పరిచిన నేల ఎక్కడ కనిపించినా కాలి బొటనవేలితో ఒకసారి రాసి చూసి, "ఇది మా దగ్గరి నుంచి వచ్చిందే" అనడం నాకు అలవాటు.

నిజానికి నేను చేసిన పని ఒక్కటే. అరవై తొమ్మిదిలో ఒక పాత పాలిష్ మిషన్‌ను లారీ మీది నుంచి దించుతుంటే ఒక మూల పట్టుకున్నాను. ఆ మూల కూడా చేతిలోంచి జారింది. మిషన్ కొన్నదీ, షెడ్డు వేసిందీ, నడిపిందీ నా భార్య. అంతకుముందే ఆ ఊళ్లో ఇంకెవరికో మిషన్ ఉండేదట. కాబట్టి మొదటిది మాదే అని నేను ఎక్కడైనా అని ఉంటే ఆ మాట కూడా కొట్టేయండి.

నాకు వికారాబాద్‌లో, స్టేషన్‌కు దగ్గర్లో, కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. మా నాయన పెట్టింది. గంటకింత అని సైకిళ్లు ఇచ్చి, అవి తిరిగి వచ్చేదాకా కూర్చోవడమే పని. కూర్చోవడంలో నాకు మంచి నైపుణ్యం ఉండేది. నా భార్య పుట్టిల్లు తాండూరు. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ గొడవల వల్ల బడులు మూతపడి, బస్సులు ఎప్పుడు నడుస్తాయో తెలియకుండా ఉన్నప్పుడు ఆమె పుట్టింటికి పోయి అక్కడే చిక్కుకుపోయింది. అరుగు మీద కూర్చుని చేసేదేమీ లేక ఎదురింటి పని చూసిందట. అక్కడ కొత్త ఇల్లు కడుతున్నారు. పరిచిన బండల మీద ఆడవాళ్లు వంగి, నీళ్లు పోస్తూ, సానరాయితో చేతులతోనే రుద్దుతున్నారు. పొద్దంతా రుద్దినా చాపంత నేల కూడా తేలడం లేదు. ఆమె తిరిగి వచ్చేసరికే నిశ్చయించుకుని ఉంది. మిషన్ కొనడానికి తన బంగారు గుండ్ల హారం అమ్ముతానంది. నేను వెంటనే ప్రోత్సహించాను. అంటే, అప్పుడు నేను అన్నం తింటున్నాను, సరే అన్నాను. ఇంకో ముద్ద తిన్న తర్వాత గానీ ఏ మాటకు సరే అన్నానో నాకు తెలియలేదు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడ రాయను.

మొదట్లో షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ సేఠ్ ఎక్కడ అని అడిగేవాడు. ఆమె జవాబు ఒకటే.

"సేఠ్ వికారాబాద్‌ల సైకిళ్లకు గాలి కొడుతున్నడు. బండల ముచ్చట నాకు చెప్పు."

నేను కూడా తాండూరుకే పోయి ఆమె పక్కన ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మొదట ఉన్నాను. మా మొదటి లారీకి బండలు నేనే ఎక్కించాను. బండలను నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి పేర్చాలి. నేను పరుపు పరిచినట్టు పడుకోబెట్టి, ఎంత పొందికగా ఉన్నాయో అని మురిసిపోయాను. దారిలో గుంతలకు అన్నీ పెళపెళా విరిగిపోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. దుకాణం ఎన్నాళ్లు మూసి ఉంచుతావు, పోయి తెరుచుకో అంది. అదొక కారణం. అసలు కారణం వేరే. తాండూరులో నేను ఆమె మొగుణ్ణి. వికారాబాద్‌లో నాకొక బోర్డు ఉంది. దాని మీద అక్షరాలు సగం రాలిపోయినా, మిగిలినవి నావే.

ఆమె పొద్దున ప్యాసింజర్‌లో పోయి, సాయంత్రం బండిలో వచ్చేది. నేను సైకిల్ తీసుకుని స్టేషన్‌కు పోయేవాణ్ణి. ఆమె జుట్టు, కనుబొమ్మలు రాతిపొడితో తెల్లగా ఉండేవి. వెనక క్యారియర్ మీద కూర్చుని ఇంటిదాకా ఆనాటి సంగతులు చెప్పేది. నా పెళ్లి జీవితంలో మంచి భాగమేదంటే ఆ క్యారియరే అంటాను. అది ఎక్కువ కాలం నిలవలేదు. కరెంటు ఎప్పుడు ఇస్తే అప్పుడే మిషన్ తిప్పాలి, కరెంటు కోసం రైలు ఆగుతుందా? షెడ్డు పక్కనే ఒక గది తీసుకుంది. ఇంటికి రావడం ఆదివారానికి, అంటే మా ఐతారానికి, ఒకసారి అయింది. ఐతారం వచ్చి స్నానం చేసి, తిని, పడుకునేది. ఆమె నిద్ర లేచేసరికి సాయంత్రం బండికి టైమయ్యేది.

కొన్నేళ్లు గడిచాక, ఆమె దగ్గర మిషన్ నడిపే మేస్త్రీ సొంతంగా పెట్టుకుంటానన్నాడు. ముసల్మాను. పని బాగా తెలిసినవాడు. ఆమెను అక్కగా చూసి ఆపా అని పిలిచేవాడు. ఒకనాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి భయంభయంగా చెప్పాడు.

"కోపం చేయకు ఆపా. సావుకార్లు పైసలు ఇస్తమంటున్నరు గాని మిత్తికి ఇస్తరంట. మిత్తి మాకు హరాం. ఏం జేయాల్నో సమజైతలేదు."

"నా దగ్గర తీస్కో" అంది ఆమె. "మిత్తి లేదు. నఫా వస్తె ఇద్దరిది, నుక్సాన్ వస్తె ఇద్దరిది. ఒక్కటే షరతు. వారానికి ఒక దినం నీ షెడ్ల వచ్చి కూసుంట. గేటు తీసినప్పటి సంది మూసేదాంక."

"కూసొని ఏం జేస్తవ్ ఆపా?"

"కందిపప్పు ఏర్కుంట."

ఈ మాటలు జరుగుతున్నప్పుడు నేను పక్కనే ఉండి, మధ్యలో తల ఊపి, ఆమెకు ధైర్యం ఇచ్చినట్టు చాలాసార్లు చెప్పాను. నేను లేను. ఒక ఐతారం ఆమె తల ఆరబెట్టుకుంటూ చెబితే విన్నాను. ఊపడం మాత్రం నిజమే, ఆమె చెబుతున్నప్పుడు ఊపాను.

తన పోటీని తానే నిలబెట్టిందని తాండూరులో నవ్వారు. ఆమె అన్న ప్రకారమే మంగళవారం మంగళవారం చాట, పప్పు మూట తీసుకుని మేస్త్రీ షెడ్డుకు పోయి ఒక మూల కూర్చునేది. ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అనేది కాదు. సలహా అడిగితే చెప్పేది, అడగకపోతే పప్పులో రాళ్లు ఏరేది. ఎందుకిదంతా అని నేను అడిగితే చెప్పింది. తను షెడ్డు పెట్టిన మొదటి ఏడాది అక్కడికి వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి కావాలని వచ్చారట. ఊరికే వచ్చి కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరట. పని ఎట్లా నడుస్తుందో ఏమీ జరగని రోజునే తెలుస్తుంది, ఆ రోజు పక్కన ఒక మనిషి ఉండాలి అంది.

మేస్త్రీ తర్వాత కరణ్‌కోటలో కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీ దారిలో, కూలీల కోసం అన్నం వండి పెట్టే ఒకామె వచ్చింది. ఆమెకు శుక్రవారం. అట్లా ఒక్కొక్కరే వచ్చారు. ఇవాళ పేపర్లలో ఇట్లాంటి పనికి వెంచర్ క్యాపిటల్ అని పెద్ద పేరు రాస్తున్నారు, అద్దాల మేడల్లో కూర్చుని చేస్తారట. మా దగ్గర దానికి పేరు లేదు. పలానామె దగ్గరికి పోయి చెప్పుకుంటే వచ్చి కూర్చుంటుంది అనేవాళ్లు, అంతే.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది, అది తెలియకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. కొత్తగా ఎవరు వచ్చినా ముందు ఒక రోజంతా వాళ్ల దగ్గర కూర్చునేది. మూసే వేళకు ఒకే ప్రశ్న అడిగేది, నేను రాకుంటే ఇది నడుస్తదా అని. నడవదంటే వాటా పెట్టేది కాదు. నడుస్తదంటే, ఆ మాట తనకూ నిజమనిపిస్తే, పెట్టేది. వారంలో ఒక రోజు వాళ్లకిచ్చేది. పని తన కాళ్ల మీద నిలబడిందని తోచిన నాడు తన వాటా మెల్లగా వెనక్కి తీసుకుని, ఆ రోజును ఇంకొకరికి ఇచ్చేది.

ఎనభైల మధ్యలో తన షెడ్డును అందులో పనిచేసేవాళ్లకే అప్పగించేసింది. ఆ కబురు విన్నరోజు నేను ఇంటికి సున్నం వేయించాను. నులక మంచం విప్పి కొత్తగా అల్లించాను. ఇక ఆమె ఇంట్లోనే ఉంటుంది, సాయంత్రాలు ఎట్లా గడపాలో కొంచెం నేర్చుకోవాలి అనుకున్నాను. ట్రంకు పెట్టెతో దిగింది. గోడలు బాగున్నాయంది. మర్నాడు పొద్దున్నే చాట చంకలో పెట్టుకుని బస్సుకు పోయింది. షెడ్డు పోయింది గనుక ఆమెకు ఇప్పుడు వారమంతా ఖాళీ. ఆ ఖాళీ అంతా నిండిపోయింది. ఎవరి రోజైతే వాళ్ల ఊళ్లోనే రాత్రి కూడా ఆగిపోయేది. ఎవరికి ఏ రోజో నాకు వరుసగా తెలుసు. అందులో నా పేరు లేదు, ఐతారం నిద్రది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నేనూ ఒక పని పెట్టి ఆమె దగ్గరికి పోతే?

గోలీ సోడా పెడతానన్నాను. వికారాబాద్‌లో సోడా లేక జనం విలవిల్లాడుతున్నారని చెప్పాను. నిజానికి దొరుకుతూనే ఉండేది, స్టేషన్ అవతలి వైపు. మా దుకాణంలో సైకిళ్లు సగం తగ్గించి ఆ జాగాలో ఒక పాత సోడా మిషన్ కిరాయికి తెచ్చాను. సీసాలో నీళ్లు నింపి, చట్రంలో బిగించి, గ్యాసు వదిలి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పాలి. గోలీ పైకి లేచి సీసా గొంతును మూసేస్తుంది. కొన్ని సీసాలు పగిలాయి. ఒకటి పగిలి కనుబొమ్మ కోసుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, దాన్ని నేను వేరే వేరే కథలకు వాడాను.

ఆమె అందరి దగ్గరా కూర్చున్నట్టే ఒక రోజు వచ్చి కూర్చుంది. నా దుకాణంలో, నా ఎదురుగా, పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి. మేమిద్దరం అంతసేపు ఒక కప్పు కింద మెలకువగా ఉండి ఎన్నేళ్లయిందో. నేను అవసరం లేకున్నా సీసాలు తుడిచాను. వచ్చినవాళ్లతో గట్టిగా మాట్లాడాను. మూసే వేళకు ఆమె చాట దులిపి, నన్ను కూడా బయటివాణ్ణి అడిగినట్టే అడిగింది.

"నేను రాకుంటె ఇది నడుస్తదా?"

నడవదు అంటే వాటా లేదు, వారంలో ఆ ఒక్క రోజు కూడా లేదు. "ఉరుకుతది" అన్నాను. హైదరాబాద్ దాకా సోడా పంపుతా అన్నాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, నవ్వకుండా, బేస్తవారం ఇచ్చింది.

ఆ బేస్తవారాల గురించి ఎక్కువ రాయలేను. ఏమీ జరిగేది కాదు. ఆమె పప్పు ఏరేది, నేను పిడి తిప్పేవాణ్ణి. మధ్యాహ్నం ఒకే డబ్బాలో ఇద్దరం తినేవాళ్లం. ఊరికే బజారు గురించి మాట్లాడుకునేవాళ్లం. మిగతా రోజులు నేను ఆ రోజు కోసం మాటలు దాచిపెట్టుకునేవాణ్ణి.

చిక్కేమిటంటే సోడా నిజంగానే నడిచింది. ఎండలు ముదిరాయి. స్టేషన్‌లో దిగినవాళ్లు నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్లు. సాయంత్రానికి సీసాలు చాలేవి కావు. పని నిలబడితే ఆమె రోజు వెనక్కి తీసుకుంటుందని తెలిసిన మనిషిని నేను. కాబట్టి బేస్తవారం పొద్దున షట్టర్ ఎత్తకముందే గ్యాసు మర సగం బిగించేవాణ్ణి. సోడా చప్పగా వచ్చేది. తాగినవాళ్లు మొహం చిట్లించేవాళ్లు. ఇంకా కుదుట పడలేదు, చేయి తిరగలేదు అని ఆమెకు వినబడేలా అనేవాణ్ణి. సొంత వ్యాపారాన్ని వారానికొక రోజు అంత శ్రద్ధగా చెడగొట్టినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఇందులో మాత్రం గొప్పలేమీ కలపలేదు.

ఒక బేస్తవారం స్టేషన్ హమాలీ వచ్చాడు. రోజూ వచ్చేవాడే. ఒక గుక్క తాగి సీసాను కళ్ల ముందు పెట్టుకుని చూశాడు.

"ఏమైతదే నీ సోడాకు, బేస్తవారం బేస్తవారం గిట్లనే ఉంటది? నిన్న తాగితె ముక్కులకెళ్లి మంటొచ్చింది. ఇయ్యాల బాయి నీళ్ల లెక్కుంది."

ఆమె వేళ్లు పప్పులో ఆగాయి. మళ్లీ కదిలాయి. హమాలీ మాట ఆమె పట్టించుకోలేదనే నేను అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

మూసే వేళకు లేచి, కొంగు నడుముకు చెక్కుకుని, తనే ఒక సీసాకు నీళ్లు పట్టింది. చట్రంలో బిగించింది. మర మీద చేయి వేసి, అది ఎక్కడిదాకా తిరుగుతుందో చూసి, పూర్తిగా విప్పింది. పిడి తిప్పింది. సీసా తీసి, గోలీ నొక్కి నా చేతికిచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సోడా వల్లే అని నేను చాలామందికి చెప్పాను, అది సోడా వల్లే అనుకోండి.

"మిగిలిన దినాలు గిట్లనే ఉంటదా?" అని అడిగింది.

"ఉంటది."

"అంటె నేను లేకుంటె మంచిగ నడుస్తది. నేనుంటెనే చెడిపోతది."

నేను సీసాను చేతిలో తిప్పుతూ నిలబడ్డాను. ఏదో పెద్ద అబద్ధం ఒకటి రావలసిన చోటు అది. నా జీవితంలో మొదటిసారి ఏదీ రాలేదు.

"వచ్చే బేస్తవారం సంది కోట్‌పల్లికి పోత" అంది. "ఆడ గొర్లోళ్ల అవ్వ గొంగళ్ల పని పెట్టుకుంటనంటుంది. నీది నిలబడ్డది. నువ్వు ఉరుకుతది అన్నప్పుడే నిలబడ్డది."

"ఐతారం వస్తవ్ గద?"

"వస్త."

"ఐతారం నువ్వు పండుకుంటవ్" అన్నాను.

ఆమె చాట చంకన పెట్టుకుంది. "వారమంత ఒకరి దుకాణంల కండ్లు తెర్సుకొని కూసుంట. కండ్లు మూసుకునేటందుకు నాకొక్క జాగన్న ఉండొద్దా?"

ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని రాస్తుంటే ఆ మాట నన్ను ఆమెకు ఎంత దగ్గరగా పెట్టిందో తెలుస్తోంది. ఆనాడు అట్లా వినబడలేదు. అందరికీ తెరిచిన కళ్లు, నాకు మూసినవి అని మాత్రమే వినబడింది. షట్టర్ దించి, ఆమె వెనకాలే, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి పోయాను. క్యారియర్ మీద కూర్చోమని అడగలేదు. మాకు ఇద్దరికీ ఆ వయసు దాటింది.

తర్వాతి బేస్తవారం మధ్యాహ్నం దుకాణం మూసి కోట్‌పల్లి బస్సెక్కాను. ఈ సంగతి నేను చెప్పే తీరు ఒకటుంది. నేను బస్సు దిగి, తిన్నగా ఆమె దగ్గరికి పోయి, సోడా నాకెందుకు, నాకు నువ్వు కావాలె అన్నాను. గొర్లోళ్ల అవ్వ నోరు తెరిచి చూసింది. నా భార్య నవ్వి, చాట చంకన పెట్టుకుని నాతో బస్సెక్కింది. వినేవాళ్లకు ఇది బాగా నచ్చుతుంది. ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది.

నేను బస్సు దిగలేదు. బస్సు ఆగిన చోటి నుంచే ఒక గుడిసె ముందు ఆమె కనబడింది. గోనెసంచి మీద కూర్చుని ఉంది. ఆ అవ్వ ఉన్ని పిడికిట్లో పట్టుకుని ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ తనే ఎవరినో అనుకరిస్తున్నట్టు నడుము వంచి రెండడుగులు నడిచింది. నా భార్య నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, తల వెనక్కి వేసి, చాటలో పప్పు ఒలికేంత నవ్వు. పెళ్లయిన నాటి నుంచి ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. నేను సీటు ముందు కడ్డీ పట్టుకుని సగం లేచి ఉన్నాను. జనం దిగారు, జనం ఎక్కారు. కండక్టర్ వచ్చి దిగుతవా అని అడిగాడు. లేదు, వికారాబాద్‌కే అన్నాను. ఇప్పుడే గద ఆడికెళ్లి వచ్చినవ్ అన్నాడు. ఔనన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి టికెట్ చింపి ఇచ్చాడు. బస్సు వెనక్కి తిరిగాక ఆమె కూర్చున్న గుడిసె అవతలి కిటికీ వైపుకు వచ్చింది. ఆ కిటికీకి అడ్డంగా ఒకాయన గడ్డిమోపంత మూట పెట్టుకుని కూర్చున్నాడు.

ఐతారం ఆమె వచ్చింది. స్నానం చేసి, తిని, మంచం మీద ఒరిగింది. నేను కింద కూర్చుని, ఏమీ తెలియనట్టు, కోట్‌పల్లి ఎట్లుంది అని అడిగాను.

"మంచిగుంది" అంది. అప్పటికే కళ్లు మూతపడుతున్నాయి. కానీ ఏదో గుర్తొచ్చి పెదవులు కదిలాయి. "మొన్న ఆ అవ్వ ఏం జేసిందంటె..."

ఆ మాట దగ్గరే నిద్రపోయింది. లేపలేదు. లేచాక అడగడానికి బండి టైమయింది, తర్వాత అడగడానికి నాకు మొహం చెల్లలేదు, ఆ తర్వాత ఆమే లేకుండా పోయింది. అవ్వ ఎవరిని అనుకరించిందో, నా భార్య ఎందుకంత నవ్విందో ఇప్పటికి చాలా రకాలుగా చెప్పాను. ఒకదానిలో సర్పంచు, ఒకదానిలో అల్లుడు, ఒకదానిలో నేనే. అన్నీ నేను కల్పించినవే.